నిజాం కాలపు రన్‌వే ఉన్నా మామునూరుకు విమానాలు ఎందుకు రాలేదు?

2008 నుంచి 2025 దాకా వరంగల్ మామునూరుకు ప్రధాన అడ్డంకి రన్‌వే కాదు, శంషాబాద్ విమానాశ్రయం కోసం కేంద్రం దాని నిర్వాహకులతో చేసుకున్న ఒప్పందం. (రాకపోకలు అంతకు చాలా ముందే ఆగిపోయాయి, అది వేరే సంగతి.) పాతికేళ్ల పాటు 150 కిలోమీటర్ల లోపు పోటీ విమానాశ్రయం రాకూడదన్నది అందులోని షరతు. వేల కోట్లు పెట్టేవారికి ప్రయాణికులు చీలిపోరన్న భరోసా కావాలి మరి! ఆ దూరాన్ని కొలిచేది రోడ్డు మీద కాదు, ఆకాశమార్గంలో. అలా కొలిస్తే మామునూరు ఆ గీత లోపలే.

బీదర్‌నే చూడండి. వైమానిక దళం రన్‌వే ఎప్పటినుంచో ఉన్నా, శంషాబాద్ నిర్వాహకులు సమ్మతించాకే 2020లో అక్కడ పౌర విమానాలు మొదలయ్యాయి.

ఈ 150 కిలోమీటర్ల షరతును చాలామంది చట్టం అనుకుంటారు. ఒప్పందమే కాబట్టి అవతలి పక్షం సరేనంటే సడలుతుంది. అలా సడలాకే 2025 ఫిబ్రవరిలో మామునూరుకు కేంద్రం అనుమతి ఇచ్చింది.