చుక్కల మందు వేస్తున్నా కళ్ళ మంట తగ్గకపోతే రెప్పల అంచులు చూపించండి

అమ్మగారికి 60 దాటాయి, చాలాకాలంగా షుగర్, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఒక రకం కొవ్వు) కూడా ఎక్కువే అన్నారు. పొద్దున్నే రెప్పలు అంటుకుపోతున్నాయి, కంట్లో ఇసక పడ్డట్టు గరగర, గాలి తగిలితే నీళ్ళు ధార. చుక్కలు వేస్తే గంట సేపే హాయి. "కళ్ళు పొడిబారితే నీళ్ళెందుకు కారతాయి?" అన్నది మీ ప్రశ్న.

పొడిబారడం వల్లే కారతాయి. కన్నీటి మీద పల్చటి నూనె పొర ఉంటేనే నీరు ఆవిరైపోకుండా నిలుస్తుంది. ఆ నూనెను ఇచ్చేవి రెప్పల్లోని మైబోమియన్ గ్రంథులు. పై రెప్పలో 25 నుంచి 40, కింది రెప్పలో 20 నుంచి 30 ఉంటాయి. వాటి నోళ్ళు వెంట్రుకలకు వెనక, రెప్ప అంచు మీద తెరుచుకుంటాయి. అవి మూసుకుపోతే కన్ను ఎండి మండుతుంది, ఆ మంటకు నీళ్ళు ఉబికి వస్తాయి. అందులో నూనె తక్కువ కాబట్టి నిలవవు. మామూలు చుక్కలు నీటి లోటునే తీరుస్తాయి, అందుకే గంటకే మళ్ళీ మొదలు.

ఆరోగ్యమైన రెప్పను నొక్కితే తేటగా నూనె వస్తుంది. పాడైతే టూత్‌పేస్టులా చిక్కగా వస్తుంది, లేదా అసలు రాదు. రక్తంలో కొవ్వులు ఎక్కువున్నవాళ్ళలో ఈ సమస్య తరచుగా కనిపిస్తుంది. షుగర్ ఇంకో చిక్కు తెస్తుంది: కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) నరాలు మొద్దుబారి రెప్ప కొట్టడం తగ్గుతుంది. రెప్ప పూర్తిగా పడితేనే నూనె బయటికి వస్తుంది. పైగా స్పర్శ తగ్గితే బాధ కూడా తక్కువే తెలుస్తుంది. కాబట్టి "మంట తగ్గింది" అన్నంత మాత్రాన కన్ను బాగుపడినట్టు కాదు. ఈ ఒక్క విషయం ఇంట్లో అందరూ గుర్తుంచుకోవాలి.

కాపడం సరిగ్గా పెడితే సగం పని అయినట్టే. ఎక్కువమంది గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచి రెండు నిమిషాలు పెట్టి ఆపేస్తారు. ఆ వేడికి గట్టిపడ్డ నూనె కరగదు. రెప్ప లోపల దాదాపు 40 డిగ్రీలు, అదీ 10 నిమిషాలు నిలవాలి. తడిగుడ్డ చాలా త్వరగా చల్లారుతుంది కనుక ఫ్లాస్కులో వేడినీళ్ళు, రెండు చిన్న తువ్వాళ్ళు దగ్గర పెట్టుకుని నిమిషానికోసారి మార్చాలి. లేదా వేడిచేసుకునే కంటి మాస్కు కొనండి. గుడ్డయినా మాస్కయినా 45 డిగ్రీలు దాటకూడదు. షుగర్‌తో చేతులు తిమ్మిరెక్కేవాళ్ళకు వేడి అందాజు తెలియక రెప్ప చర్మం కాలిపోవచ్చు. వేడి ఎంతుందో అమ్మగారిని చూసుకోమనకుండా మీరే మీ మణికట్టు లోపలి వైపు ఆనించి చూడండి, థర్మామీటరు ఉంటే ఇంకా మంచిది.

కాపడం తీసిన వెంటనే, నూనె మళ్ళీ గట్టిపడేలోపు, కళ్ళు మూయించి వేలి కొసతో పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి మెల్లగా నిమరండి. ఒక్కో రెప్పకు ఐదారుసార్లు చాలు, కనుగుడ్డును నొక్కొద్దు. ఈ మధ్య కంటి ఆపరేషన్ అయ్యుంటే డాక్టరు చెప్పేదాకా ఆగండి. తర్వాత రెప్పల అంచును లిడ్ వైప్‌తో (రెప్పలు తుడవడానికి అమ్మే తడి వైప్) తుడవాలి. కొద్ది నిమిషాలు చూపు మసకేస్తే కంగారు పడకండి. రోజుకు రెండుసార్లు కనీసం నెలరోజులు చేస్తే గానీ తేడా తెలియదు. ఎక్కువమంది వారానికే మానేస్తారు, అక్కడే నష్టం.

రోజుకు నాలుగుసార్లకు మించి చుక్కలు వేయాల్సివస్తే ప్రిజర్వేటివ్ లేనివి అడగండి, మందు పాడవకుండా కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్ ఎండిన కంటిని ఇంకా గాయపరుస్తుంది. నూనె కలిసిన చుక్కలు కూడా దొరుకుతాయి. మెడికల్ షాపులో స్టెరాయిడ్ కలిసిన చుక్కలు ఇస్తే తీసుకోకండి. ఎరుపు వెంటనే తగ్గుతుంది, కానీ వాడుతూ పోతే కంటి ప్రెషర్ పెరుగుతుంది, శుక్లం వస్తుంది. ఒమేగా-3 మాత్రల మీద ఆశ పెట్టుకోవద్దు: 2018లో వచ్చిన పెద్ద పరీక్షలో రోజుకు 3 గ్రాములు ఏడాదిపాటు ఇచ్చినా ఆలివ్ నూనె మాత్రల కన్నా మేలు కనబడలేదు.

అరికాళ్ళ మంటలకు ఎమిట్రిప్టిలిన్, జలుబుకు సిట్రిజిన్ వాడుతుంటే అవీ కన్నీటిని తగ్గిస్తాయి. సొంతంగా ఆపకండి, కంటి డాక్టరుకు చెప్పండి. రెప్ప లోపలి అంచున కాటుక మానాలి, కంట్లో ఆముదం వద్దే వద్దు. గురకకు సీపాప్ (నిద్రలో మాస్కు ద్వారా గాలి పంపే యంత్రం) పెట్టుకుంటే మాస్కు గాలి కళ్ళలోకి కొడుతోందేమో చూడండి.

డాక్టరు దగ్గర మూడు అడగండి: రెప్ప నొక్కి నూనె చూడమని, కన్నీటి పొర ఎన్ని సెకన్లలో చెదురుతోందో చూడమని (10 కంటే తక్కువైతే లోపమే), మత్తు చుక్క వేయకముందే కార్నియా స్పర్శ చూడమని. ఏటా చేయించే రెటీనా (కంటి లోపలి వెనక పొర) పరీక్ష వేరు, దాన్ని మానకండి. రెప్ప కొడితే తేటపడే మసక కన్నీటిది. ఎన్నిసార్లు కొట్టినా పోకుండా రోజుల తరబడి ఉంటే షుగర్ హెచ్చుతగ్గులో, రెటీనానో అనుమానించాలి. షుగర్ నిలకడగా లేనప్పుడు కొత్త అద్దాలు రాయించుకోవద్దు.

కన్ను ఎర్రబడి చూపు తగ్గినా, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపించినా, నొప్పి లేదు కదా అని ఆగకుండా అదే రోజు వెళ్ళండి. ఈ వయసులో రెప్ప మీద గడ్డ ఒకేచోట మళ్ళీ మళ్ళీ వస్తుంటే, అక్కడ వెంట్రుకలు రాలుతుంటే కురుపే కదా అని వదిలేయకుండా ముక్క తీసి పరీక్షకు పంపమనండి. నూనె గ్రంథి క్యాన్సర్ మొదట్లో అలాగే కనిపిస్తుంది.