చింటూకి, క్రాక్ గేమ్‌ల గురించి పిన్ని రాస్తున్నది

ఒరేయ్ చింటూ,

నీ మెసేజ్ చూశాను. ఫ్రెండ్స్ అందరూ క్రాకే (డబ్బు కట్టకుండా ఆడేందుకు లాక్ విరిచేసిన దొంగ కాపీ) వేసుకుంటున్నారు పిన్నీ, నేనొక్కడినే కొంటే పిచ్చోడిలా చూస్తున్నారు, అసలు తప్పేంటి అని అడిగావు. గేమ్ టెస్టింగ్‌లోనే ఇన్నేళ్ళుగా బతుకుతున్నదాన్ని, నన్నడిగితే ఒక్క ముక్కలో వద్దని చెప్పి ఊరుకోలేను, కొంచెం పొడుగైనా మొత్తం చదువు.

ముందు డబ్బుల సంగతి. కొత్త పెద్ద గేమ్ నాలుగైదు వేలంటే మనలాంటి ఇళ్ళల్లో అది చిన్న మొత్తం కాదు, ఇంట్లో అడగడానికి నీకు మొహమాటంగా ఉందంటే నాకు అర్థమవుతుంది. కానీ నువ్వు ఎలా ఆలోచిస్తున్నావంటే ఇవాళే నాలుగు వేలు పెట్టాలి లేదా ఇవాళే క్రాక్ దింపాలి, ఇంక వేరే దారే లేదన్నట్టు. ఉందిరా, ఆగడం. గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ షాపు స్టీమ్‌లో, కొనాలనుకున్న గేమ్ విష్‌లిస్ట్‌లో పెట్టుకుంటే రేటు తగ్గినప్పుడు మెయిల్ వస్తుంది, సమ్మర్ సేల్, డిసెంబర్‌లో వింటర్ సేల్ ఎలాగూ వస్తాయి, ఏడాది రెండేళ్ళు పాతబడ్డ గేమ్ చాలాసార్లు సగానికో ఇంకా తక్కువకో దొరుకుతుంది, అప్పటికి బగ్స్ కూడా చాలావరకు సర్దేసి ఉంటారు (టెస్టర్‌గా చెప్తున్నా, మొదటి రోజు ఆడేవాడికి దొరికేది అన్నిటికంటే అధ్వాన్నమైన వెర్షన్). 2015 నుంచి స్టీమ్‌లో రూపాయల్లోనే రేట్లు ఉన్నాయి, యూపీఐతో కట్టొచ్చు, క్రెడిట్ కార్డు లేదనే సాకు కూడా పోయింది. నచ్చకపోతే కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి ఇస్తారు, కాబట్టి ట్రై చేసి చూద్దామని క్రాక్ వేశా అనేది నా దగ్గర చెప్పకు. ఎపిక్ అనే ఇంకో గేమ్ షాపు వాళ్ళయితే ప్రతి వారం ఏదో ఒకటి ఫ్రీగా ఇస్తారు, 2020 మే నెలలో జీటీఏ 5 లాంటి పెద్ద గేమ్ కూడా ఇచ్చేశారు.

ఇప్పుడు అసలు విషయం, ఆ గేమ్ ఎవరు చేశారో చూడు. గేమ్ డెవ్ టైకూన్ అని ఒక చిన్న గేమ్ ఉంది, ఇద్దరు అన్నదమ్ములు కలిసి చేశారు, అందులో నువ్వే ఒక గేమ్ కంపెనీ నడపాలి. 2013లో రిలీజ్ రోజునే వాళ్ళే ఒక క్రాక్ కాపీ తయారు చేసి జనం ఫైళ్ళు ఉచితంగా పంచుకునే టొరెంట్‌లో పెట్టారు, అందులో మాత్రం ఒక మార్పు చేశారు, కొంతదూరం ఆడాక నీ గేమ్స్‌ని అందరూ పైరసీ చేసేసి నీ కంపెనీ దివాలా తీస్తుంది. మొదటి రోజు ఆడినవాళ్ళలో కొన్నవాళ్ళు 214 మంది, క్రాక్ వాళ్ళు 3,104 మంది. ఆ క్రాక్ ఆడుతున్నవాళ్ళే వచ్చి మా గేమ్స్ అందరూ దొంగిలిస్తున్నారు ఏం చెయ్యాలి అని అడిగారు. ఆ 3,104 మందీ క్రాక్ లేకపోతే కొనేవాళ్ళని నేను అనను, చాలామంది కొనరు. కానీ అందులో కొద్దిమంది కొని ఉన్నా ఇద్దరే పనిచేసే చోట అదెంత పెద్ద మార్పో ఆలోచించు. నువ్వు వదలకుండా ఆడే స్టార్‌డ్యూ వ్యాలీ కూడా అంతే, బొమ్మలూ పాటలూ కోడూ అన్నీ ఒక్కడే నాలుగేళ్ళకి పైగా కూర్చుని చేశాడు, ఆ టైంలో ఖర్చులకి ఒక థియేటర్‌లో జనానికి సీట్లు చూపించే పని చేశాడు. 2016లో రిలీజ్ అయిన దగ్గర్నుంచి ఇప్పటిదాకా అప్‌డేట్లన్నీ ఫ్రీగానే ఇస్తున్నాడు. ఇలాంటిది మాత్రం సేల్ కోసం కూడా ఆగకు, నీ దగ్గర ఐదొందలు ఉన్నరోజే కొనెయ్.

పెద్ద కంపెనీలకి కోట్లు వస్తున్నాయి కదా అంటావు. సినిమాలు పైరసీ చేసిన ఐబొమ్మ గురించి కూడా మనవాళ్ళు ఇదే అన్నారు, టికెట్ రేట్లు అలా పెంచితే జనం ఏం చేస్తారని. రేట్ల మీద కోపం న్యాయమే, నాకూ ఉంది. నీకు దాచకుండా చెప్తా, నువ్వు కట్టే నాలుగు వేలు నా చేతికి రాదు, మాది జీతం, గేమ్ ఆడినా ఆడకపోయినా అదే. బాగా పేరొచ్చిన గేమ్ చేసిన స్టూడియోలనే మూసేసిన పెద్ద కంపెనీలూ ఉన్నాయి. కానీ తర్వాతి ప్రాజెక్టుకి టీమ్‌లో ఎంతమందిని ఉంచాలి అని లెక్కేసేటప్పుడు ముందు చూసేది అమ్మకాలే, తక్కువైతే మొదట కోత పడేది మా టెస్టర్ల మీదే. ఆ కంపెనీ మీద కోపమొస్తే కొనకు, ఆడకు కూడా, దాని గురించి గట్టిగా మాట్లాడు. కొనకుండా ఆడేస్తే అది నిరసన ఎలా అవుతుంది?

నువ్వన్నదాంట్లో ఒకటి మాత్రం కరెక్ట్, కొన్నా మనది కాదు. 2024 మార్చి 31న ది క్రూ అనే కార్ల రేసు గేమ్ సర్వర్లు కంపెనీ ఆపేస్తే డబ్బులు పెట్టి కొన్నవాళ్ళు కూడా ఆడలేకపోయారు, అది మోసమనే నేనూ అంటాను. అందుకే కుదిరినప్పుడు జీఓజీ అనే గేమ్ షాపులో కొను, అక్కడ గేమ్‌కి కాపీ లాక్ ఉండదు, ఇన్‌స్టాలర్ హార్డ్‌డిస్క్‌లో దాచుకోవచ్చు. విచర్ 3 అనే పెద్ద గేమ్‌ని అక్కడ మొదటి రోజు నుంచే ఏ లాకూ లేకుండా అమ్మారు, అయినా అన్నిచోట్లా కలిపి 5 కోట్ల కాపీలు దాటింది. ఇంక ఎక్కడా అమ్మని పాత గేమ్స్ సంగతంటావా, 2010కి ముందు అమెరికాలో వచ్చిన పాత గేమ్స్‌లో 87 శాతం ఇప్పుడు కొందామన్నా దొరకవని 2023లో ఒక స్టడీ తేల్చింది, అమ్మేవాడే లేని గేమ్ ఎవరైనా కాపీ దాచిపెట్టి ఆడితే, చట్టం ఏమన్నా సరే, నేను తప్పు పట్టను. నువ్వు అడుగుతున్నది అలాంటిది కాదు, పోయిన నెల వచ్చిన గేమ్.

చట్టం చెప్పి నిన్ను భయపెట్టను, కాపీరైట్ చట్టంలో 63బి అనే సెక్షన్ ఉంది, తెలిసి క్రాక్ వాడితే జరిమానా, జైలు కూడా రాసి ఉంది, తెలుసుకో చాలు. నాకు అంతకన్నా భయం నీ లాప్‌టాప్ గురించి. 2024 చివర్లో బీమ్‌ఎన్‌జీ, గ్యారీస్ మాడ్ లాంటి గేమ్స్ రీప్యాకుల్లో (క్రాక్ చేసి మళ్ళీ ప్యాక్ చేసిన కాపీల్లో) క్రిప్టో మైనర్, అంటే నీకు తెలీకుండా నీ కంప్యూటర్‌ని వాడుకుని వాళ్ళకి క్రిప్టో డబ్బు సంపాదించే ప్రోగ్రామ్, పెట్టి వదిలారు, ఆ టొరెంట్లు సెప్టెంబర్ నుంచే ఉన్నాయి, డిసెంబర్ 31న ఒక్కసారిగా పని మొదలెట్టాయి, అప్పటిదాకా ఎవరికీ అనుమానం రాలేదు. ఇన్‌స్టాల్ చేసేముందు యాంటీవైరస్ ఆఫ్ చెయ్యమని రాసి ఉంటే అక్కడితో ఆపెయ్. మీ నాన్న బ్యాంక్ లాగిన్ కూడా ఆ లాప్‌టాప్‌లోనే చేస్తాడని మర్చిపోకు.

ఇప్పటికే ఏదన్నా వేసి ఉంటే తిట్టను, చెప్పు. ఊరికే అన్‌ఇన్‌స్టాల్ చేస్తే చాలదు, కాలేజీ ఫైళ్ళు కాపీ తీసుకుని విండోస్ మొత్తం రీసెట్ కొట్టు, పాస్‌వర్డ్‌లన్నీ ముందు ఫోన్‌లోంచి మార్చు, బ్యాంకుదీ మెయిల్‌దీ మొదట. ఆదివారం వీడియో కాల్ చెయ్, పక్కనుండి చేయిస్తా, విష్‌లిస్ట్ కూడా అప్పుడే పెడదాం.

మీ పిన్ని