పోస్టరు అసలుదేనా? ముందు లామినేషన్ ఆపండి

బరంపురం మిత్రమా, మీరు కొన్న 1994 నాటి ‘లయన్ కింగ్’ సినిమా పోస్టరు హాలుకు వచ్చిన అసలుదేనా, వానాకాలం చెమ్మ తగలకుండా లామినేషన్ చేయించనా అని అడిగారు. రెండో ప్రశ్నకే ముందు జవాబు: వద్దు. వేడికి కాగితాన్ని పట్టుకున్న ప్లాస్టిక్ మళ్లీ ఊడిరాదు. అసలు పోస్టరే అయితే దాని విలువ ఆ రోజుతో సరి.

ఇక టేపు తీసి కొలవండి. ఆ కాలపు అమెరికా హాలు పోస్టరు సుమారు 27 అంగుళాల వెడల్పు, 40 అంగుళాల పొడవు. 24, 36 వచ్చిందంటే గోడల అలంకారానికి దుకాణాల్లో అమ్మే రకం. కొలత సరిపోయినా సంబరపడకండి, నకలు వేసేవాడికీ టేపు ఉంటుంది! వెనక్కి తిప్పండి. వెనుక దీపం వెలిగే పెట్టెలో పెట్టడానికి అప్పట్లో చాలా పోస్టర్లకు వెనుకవైపు అదే బొమ్మను తిరగేసి లేతగా అచ్చువేసేవారు. ఒకవైపు అచ్చువీ ఉండేవి కనుక వెనుక ఖాళీగా ఉన్నంత మాత్రాన నకలు కాదు. అసలు సంగతి పదింతలు చూపే భూతద్దంలో తేలుతుంది. హాలు పోస్టర్లు వేసే ఆఫ్‌సెట్ ప్రెస్సు అచ్చులో చుక్కలు ముగ్గు పెట్టినట్టు వరుసలో ఉంటాయి. పిచికారీ కొట్టినట్టు చెల్లాచెదురుగా కనిపిస్తే కంప్యూటర్‌కు తగిలించే ఇంక్‌జెట్ ప్రింటరులో తీసిన నకలే, డబ్బు వెనక్కి అడగండి.

చెమ్మకైతే, ఆమ్లం లేని కాగితంలో చుట్టి, వెడల్పు గొట్టంలో, చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. బయటి గోడకు ఆనించకండి. పర్లాకిమిడిలో మా బీరువా అలా ఆనించే ఒక మంచి పోస్టరును బూజుకు అప్పగించాను.