సర్కారు ఆసుపత్రిలో 'స్టడీ'లో చేరమంటున్నారు, మా నాయన చేత సంతకం పెట్టించాలా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ: మీ నాన్నగారికి షుగర్, కాలికి పుండు. కర్నూలులో సర్జరీ వార్డులో చేర్చారు. పీజీ డాక్టరు (అక్కడే పై చదువు చదువుతున్న డాక్టరు) ఒకాయన వచ్చి, మామూలు డ్రెస్సింగ్‌కూ వ్యాక్యూమ్ డ్రెస్సింగ్‌కూ తేడా చూసే స్టడీ చేస్తున్నామని చెప్పి ఫారం చేతిలో పెట్టారు. ఊరి నుంచి వచ్చిన బంధువులేమో "ఎలుకల మీద చేసినట్టు చేస్తారప్పా, సంతకం పెట్టొద్దండి" అంటున్నారు. రాత్రికి రాత్రి ఏదో ఒకటి తేల్చుకోవాలని మీ టెన్షన్.

ముందు ఒక మాట. రాత్రికి రాత్రి తేల్చుకోనక్కర్లేదు. ఆలోచించుకోవడానికి టైము అడగడం మీ హక్కు. ఇవ్వకపోతే ఆ స్టడీలో చేరాల్సిన పనే లేదు.

నేను కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మందుల కంపెనీల ట్రయల్స్‌కు (అంటే మందులను మనుషుల మీద పరీక్షించే స్టడీలకు) కోఆర్డినేటర్‌గా కొన్నేళ్లు పనిచేశాను. మా మేనమామ కూడా సరిగ్గా మీ నాన్నగారి లాంటి స్టడీలోనే చేరాడు. అందుకని రెండు వైపుల నుంచీ చెప్పగలను.

మీరు ఆ డాక్టరును అడగాల్సిన మొదటి ప్రశ్న "ఇది మంచిదేనా సార్?" కాదు. దానికి ఎవరైనా మంచిదే అంటారు. "మేము వద్దంటే మా నాయనకు ఏ వైద్యం చేస్తారు?" అని అడగండి. "ఇదే వార్డులో, ఇదే డ్రెస్సింగ్, ఇవే మందులు, ఏమీ మారదు" అని తడుముకోకుండా చెప్తే నిశ్చింతగా ఆలోచించుకోవచ్చు. ముఖం చిట్లించినా, "అట్లయితే మీరే చూసుకోండి" అన్నా చేరొద్దు. నా అనుభవంలో మనుషులను తేల్చే ప్రశ్న ఇదే. ఫారంలోని పేజీలన్నీ దీని తర్వాతే.

ఇక మీవాళ్లు భయపడుతున్న ప్రయోగం సంగతి. కొత్త మందును మనుషుల మీద మొదటిసారి పరీక్షించడం వేరు, పీజీ తన చదువు కోసం రాసే పరిశోధన, అంటే థీసిస్ వేరు. మొదటిదానికి ముందు ఎలుకల మీదా, ఇంకో జంతువు మీదా పరీక్షలు అయ్యుండాలి, ఢిల్లీలోని డ్రగ్స్ కంట్రోలర్ అనుమతి ఉండాలి, 2019లో వచ్చిన కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ రూల్స్ పాటించాలి. థీసిస్‌లో సాధారణంగా ఇప్పటికే వాడుకలో ఉన్న రెండు పద్ధతులను పక్కపక్కన పెట్టి చూస్తారు. ఎం.ఎస్. పట్టా రావాలంటే థీసిస్ రాయాల్సిందే కాబట్టి ప్రతి పీజీకీ ఒక స్టడీ ఉంటుంది. మీ నాన్నగారిది ఈ రెండో రకం.

వ్యాక్యూమ్ డ్రెస్సింగ్ అంటే పుండు మీద స్పాంజి పెట్టి, పైన గాలి చొరబడని పారదర్శకమైన షీటు అంటించి, గొట్టంతో లోపలి గాలిని లాగుతారు. మిషనుతో లాగొచ్చు, మిషను లేనిచోట వార్డు గోడకున్న సక్షన్‌తోనూ లాగుతారు. మామూలుగా 125 మిల్లీమీటర్ల పాదరసం మేర లాగేట్టు పెడతారు. నీరు, రసి బయటికి పోతాయి, పుండు అడుగున ఎర్రటి కొత్త కండ పెరుగుతుంది. రెండు మూడు రోజులకోసారి మారుస్తారు. మార్చేటప్పుడు స్పాంజి కండకు అతుక్కుని నొప్పి పుడుతుంది, ఇది ముందే తెలిసి ఉండటం మంచిది. నల్లబడిన చచ్చిన కండ తీయకుండా ఇది పెట్టకూడదు. ఎముకకు పట్టిన ఇన్‌ఫెక్షన్‌కు వైద్యం మొదలుపెట్టకుండానూ, రక్తనాళం బయటికి కనిపిస్తున్నచోటా పెట్టకూడదు. మీ నాన్నగారు గుండెకో, పక్షవాతానికో రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటుంటే అడగకపోయినా మీరే చెప్పండి. రక్తం కారే ప్రమాదం ఉంటుంది.

"మంచిదని తెలిసినదైతే అందరికీ పెట్టొచ్చు కదా, మళ్లీ స్టడీ ఎందుకు?" అని మా అత్త అడిగింది. న్యాయమైన ప్రశ్న. 2005లో అమెరికాలో పాదం కొంత తీసేసిన 162 మంది షుగర్ రోగుల మీద చూస్తే, 16 వారాల్లో వ్యాక్యూమ్ పెట్టినవాళ్లలో 56 శాతం మందికి పుండు మానింది, మామూలు డ్రెస్సింగ్ చేసినవాళ్లలో 39 శాతం మందికి. బాగుంది కదా? 2020లో జర్మనీ నుంచి వచ్చిన ఇంకా పెద్ద స్టడీలో మాత్రం పుండు పూర్తిగా మానడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే ఎవరికి పనికొస్తుంది, ఎక్కడ పనికొస్తుంది అన్నది ఇంకా తేలాల్సిందే. చెప్పుల్లేకుండా చేలో నడిచే మన మనుషుల కాళ్ల మీద, గోడ సక్షన్‌తో చేస్తే ఎట్లుంటుందో జర్మనీవాళ్లు చెప్పలేరు.

ఆపరేషన్ల విషయంలో ఇలాంటి పరీక్ష మరీ అవసరం అని నా అభిప్రాయం. మోకాళ్ల అరుగుదలకు కీహోల్ పద్ధతిలో లోపల కడిగి గీకే ఆపరేషన్ ఒకప్పుడు లక్షల మందికి చేసేవాళ్లు. 2002లో హూస్టన్ డాక్టర్లు 180 మందిని తీసుకుని, కొందరికి నిజంగా చేసి, కొందరికి పైన చిన్న కోతలు మాత్రమే పెట్టి కుట్టేశారు. రెండేళ్లు చూసినా నొప్పిలో తేడా లేదు. డాక్టరు చేతికి ఎంత పేరున్నా సరే, లెక్క వేసి చూడకపోతే ఇలాంటివి బయటపడవు.

మన వైపు ముసలివాళ్లకు టీబీ అంటే మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానటోరియమే (టీబీ రోగులను నెలల తరబడి ఉంచుకునే ఆసుపత్రి) గుర్తొస్తుంది. మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి మంచం మీద విశ్రాంతి, ఇదే వైద్యం అనుకున్న రోజులవి. 1956లో మద్రాసులో మొదలైన టీబీ కేంద్రం పేద రోగులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు శానటోరియంలో ఉంచి మందులిచ్చి, రెండో గుంపుకు అవే మందులు ఇంటి దగ్గరే ఇచ్చింది. ఇరుకు ఇళ్లు, చాలీచాలని తిండి. అయినా ఇంట్లో ఉన్నవాళ్లకూ దాదాపు అంతే బాగా నయమైందని 1959లో తేలింది. ఇంట్లో మిగతావాళ్లకు జబ్బు ఎక్కువగా అంటుకోలేదని కూడా చూశారు. ఇప్పుడు ఆదోనిలోనో, ప్యాపిలిలోనో టీబీ రోగి ఇంటి నుంచే మందులు వాడుతున్నాడంటే ఆ పేదవాళ్లు చేరబట్టే.

సరే, లాటరీ విషయం. మీ నాన్నగారు చేరితే ఏ డ్రెస్సింగ్ వస్తుందో ఆయన చేతిలో లేదు, డాక్టరు చేతిలోనూ ఉండకూడదు. చీటీ తీసినట్టే. లోపలిది కనపడని, వరుస నంబర్లు వేసిన కవర్లు పెట్టుకుని, చేరిన తర్వాతే తెరుస్తారు. కంపెనీ ట్రయల్స్‌లో మాకు ఇది కంప్యూటర్‌లో ఉండేది, వివరాలు కొడితే ఒక కిట్ నంబరు వచ్చేది, అందులో ఉన్నది అసలు మందో ఉత్త మాత్రో నాకూ తెలిసేది కాదు. నిజం చెప్పాలంటే మా రోగుల్లో ప్రయోగమని భయపడేవాళ్ల కంటే "అక్కా, మాకు కొత్తదే వచ్చేట్టు చూడక్కా" అని బతిమాలేవాళ్లే ఎక్కువ. కొత్తదంటే మేలైనదేనని ఎవరు చెప్పారో తెలీదు. మేలైనదని తెలిసిపోతే ట్రయలే అక్కర్లేదు.

ఒక చోట (పేరెందుకులెండి) ఒక యువ డాక్టరు కవరును ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టి చూడటం నా కళ్లతో చూశాను. దురుద్దేశం కాదు, పాపం ఆ ముసలాయన మీద జాలి. కానీ చిన్న పుండ్లవాళ్లనంతా కొత్త పద్ధతి వైపు, పెద్ద పుండ్లవాళ్లనంతా పాత పద్ధతి వైపు జాలితోనో మొహమాటంతోనో తోస్తే, చివరికి కొత్తదే గొప్పదని అబద్ధపు లెక్క వస్తుంది. దాన్ని నమ్మి రేపు ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరు వైద్యం చేస్తాడు. కాబట్టి సిఫారసు చేయించాలని మీకు అనిపించినా దయచేసి ఆ పని చేయొద్దు.

మా మేనమామకు మామూలు డ్రెస్సింగ్ వచ్చింది. ఎమ్మిగనూరు దగ్గర పల్లె ఆయనది. చేలో ముల్లు గుచ్చుకుంటే అరికాలికి స్పర్శ లేక తెలియనే లేదు, తెలిసేసరికి వేలు నల్లబడింది. "పక్క బెడ్డాయనకు మిషను పెట్టినారు, నాకేమో ఉత్త గుడ్డ చుట్టినారు" అని వారమంతా అలిగి కూర్చున్నాడు. కానీ ఆ స్టడీ పుణ్యమా అని ఆయనకు దొరికింది వేరే ఉంది. పీజీ వారానికోసారి పుండు మీద పలుచని ప్లాస్టిక్ షీటు పెట్టి, అంచు వెంట మార్కర్‌తో గీసి, దాన్ని గ్రాఫ్ పేపర్ మీద పెట్టి గళ్లు లెక్కపెట్టేవాడు. షుగర్ ఎంతుందో రోజూ చూసి ఇన్సులిన్ మార్పించేవాడు. కాలికి రక్తం సరిగ్గా అందుతోందో లేదో డాప్లర్ అనే స్కాన్ చేయించాడు. రద్దీగా ఉండే వార్డులో ఒక డాక్టరు పేరు పెట్టి పిలిచి పలకరించడం చిన్న విషయం కాదు. పుండు నిదానంగా మానింది, చివర్లో తొడ నుంచి చర్మం తీసి వేశారు. ఒక వేలు మాత్రం పోయింది, అది చేరకముందే పోవాల్సినది.

ఇక్కడే ఇంకోటి చెప్పాలి. ఏ డ్రెస్సింగ్ అయినా, కాలికి రక్తం పోకపోతే పనిచేయదు. పుండు మీద బరువు పడుతూ ఉంటే అసలే పనిచేయదు. బాత్‌రూముకు కూడా ఆ కాలి మీద నడవనివ్వకండి. స్టడీలో చేరాలా వద్దా అన్నదాని కంటే ఇది పెద్ద విషయం.

ఫారం సంగతికి వస్తే, అది తెలుగులో ఉండాలి. ఇంగ్లీషులో ఇస్తే తెలుగుది అడగండి. మీ నాన్నగారికి చదవడం రాకపోతే వేలిముద్ర సరిపోతుంది, కానీ స్టడీతో సంబంధం లేని సాక్షి ఒకరు వివరణ మొదటి నుంచి చివరిదాకా పక్కన ఉండి సంతకం చేయాలి. వార్డు బాయ్‌ను చివర్లో పిలిచి సంతకం పెట్టించడం సాక్ష్యం కాదు. సంతకమయ్యాక ఒక కాపీ మీ చేతికి రావాలి. అందులో ఎథిక్స్ కమిటీ (స్టడీలో రోగులకు అన్యాయం జరగకుండా చూసే కమిటీ) ఫోన్ నంబరు ఉంటుంది. ఆ కమిటీలో డాక్టర్లే కాక న్యాయం తెలిసినవాళ్లు, మామూలు జనంలో ఒకరు కూడా ఉండాలి. చైర్మన్ బయటి మనిషి అయ్యుండాలి.

అట్లాగే సీటీఆర్ఐ నంబరు ఉందా అని అడగండి. అది 2007లో మొదలైన మన దేశపు ట్రయల్స్ రిజిస్ట్రీ, ఆన్‌లైన్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. 2018 ఏప్రిల్ నుంచి మొదటి రోగిని చేర్చుకోకముందే నమోదు చేయించాలన్నది దాని నియమం. ఈ రోజుల్లో పీజీ థీసిస్‌లు కూడా అక్కడ కనిపిస్తాయి. కేవలం స్టడీ కోసం చేసే పరీక్షలకు మీ దగ్గర పైసా తీసుకోకూడదు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, సంతకం విషయంలో మన తెలుగువాళ్లకు చేదు అనుభవం ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకాలు వేశారు. చాలాచోట్ల తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. తర్వాత జరిగిన మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలినా, 2010లో ఆ కార్యక్రమం ఆగిపోయింది. అనుమతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటరీ కమిటీ తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే, దాని మీద జనానికి నమ్మకం పోవడానికి ఆ సంతకాలే ఎక్కువ కారణమని నేననుకుంటాను.

కంపెనీ ట్రయల్స్‌లో ఇప్పుడు కట్టుదిట్టం ఎక్కువే. బొత్తిగా కొత్త మందైతే, చదువు రానివాళ్లు, పేదవాళ్లు లాంటి వారి దగ్గర అనుమతి తీసుకోవడాన్ని వీడియో తీయాలి. కెమెరా పెట్టగానే ఒక అవ్వ కొంగు సర్దుకుని, నేను చెప్పేదంతా వదిలేసి కెమెరా వైపే చూస్తూ కూర్చుంది. మొత్తం మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. రోగికి ఏదైనా తీవ్రమైన హాని జరిగితే డాక్టరు 24 గంటల్లో పైకి తెలియజేయాలి, వైద్యం ఉచితంగా చేయాలి, ట్రయల్ వల్లే అని తేలితే పరిహారం ఇవ్వాలి. థీసిస్ స్టడీలకు వీడియో ఉండదు, అక్కడ కాపలా అంతా ఎథిక్స్ కమిటీదే.

మధ్యలో మానేయొచ్చా? ఎప్పుడైనా మానేయొచ్చు, కారణం కూడా చెప్పనక్కర్లేదు. అయితే చెప్పకుండా మాయమవడం మాత్రం వద్దు. మన కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు జనం మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు బండెక్కారంటే ఫాలో-అప్ (తర్వాత మళ్లీ మళ్లీ పిలిచి చూడటం) అంతా గాల్లో కలిసినట్టే. నా రిజిస్టరులో ఆ నెలల్లో "ఫోన్ స్విచ్ ఆఫ్" అన్న మాటే వరుసగా కనిపించేది. పుండు మానినవాళ్లే వెళ్లిపోయారో, మానక విసిగి వెళ్లిపోయారో తెలియకపోతే అంతదాకా రాసుకున్న లెక్కకు విలువ తగ్గిపోతుంది. మీది కూడా వలస వెళ్లే ఇల్లయితే చేరేముందే డాక్టరుకు చెప్పండి, ఇంటి దగ్గర ఉండే ఎవరిదైనా రెండో ఫోన్ నంబరు ఇవ్వండి.

రేపు పొద్దున రౌండ్స్ అయ్యాక ఆ పీజీని పట్టుకోండి, రౌండ్స్ మధ్యలో వాళ్లకు నిలబడే తీరిక ఉండదు. మీ నాన్నగారు వేసుకునే మాత్రలన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. మాట్లాడేటప్పుడు మీ నాన్నగారి మంచం దగ్గరే మాట్లాడండి, ఆయన కాలు కదా, ఆయన కూడా వినాలి. డాక్టరు ఏమన్నారో వీలైతే ఇక్కడ రాయండి, ఫారంలో అర్థం కాని వాక్యాలుంటే అవి కూడా పెట్టండి, చూసి చెప్తాను.