పాఠకుల ప్రశ్నలు: పాలిటెక్నిక్ వర్క్‌షాపు సందేహాలు

ప్రశ్న: ప్రాక్టికల్స్‌లో 150 మి.మీ. పొడవున్న మైల్డ్ స్టీల్ రాడ్‌ను లేత్ మీద రెండు సెంటర్ల (రెండు కొసలను పట్టే మొనల) మధ్య బిగించి 25 మి.మీ. వ్యాసానికి టర్నింగ్ చేస్తున్నాను. హెడ్‌స్టాక్ (రాడ్‌ను తిప్పే కొస) వైపు 25.00 వస్తోంది, టెయిల్‌స్టాక్ (రెండో కొసను పట్టే భాగం) వైపు 25.12. రెండు కొలతల మధ్య దూరం 120 మి.మీ. ల్యాబులో అడిగితే ‘పాత మెషీను, అంతే వస్తుంది’ అన్నారు. నిజమేనా?
– డిప్లొమా రెండో ఏడు విద్యార్థి, దాసరహళ్లి, బెంగళూరు

జవాబు: పాత మెషీనే కావచ్చు. కానీ మీరు చెప్పిన అంకెలు టెయిల్‌స్టాక్ పక్కకు జరిగిందని చెబుతున్నాయి. దాన్ని అరగంటలో సరిచేయవచ్చు.

ముందు వేడి సంగతి తేల్చుకుందాం. 25 మి.మీ. స్టీలు 30 డిగ్రీలు వేడెక్కితే వ్యాసం పెరిగేది దాదాపు 9 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు). మీ తేడా 120 మైక్రాన్లు, కాబట్టి అది వేడి పని కాదు. జాబును (చెక్కే ముక్కను) చక్‌లో (దాన్ని పట్టే దవడల్లో) మాత్రమే పట్టి రెండో కొస వదిలేసి ఉంటే కథ వేరు. వ్యాసానికి మూడు రెట్లు దాటి బయటికి ఉన్న జాబు టూల్ ఒత్తిడికి వంగుతుంది, కొస లావుగా మిగులుతుంది. మీరు రెండు సెంటర్లూ వాడారు కనుక ఆ అనుమానమూ లేదు.

టెయిల్‌స్టాక్ వైపు లావుగా ఉందంటే ఆ సెంటరు టూల్ నుంచి దూరంగా, వెనక్కి జరిగి ఉంది. దాన్ని మీవైపు తేవాలి. ఎంత? వ్యాసంలో తేడా 0.12 కాబట్టి వ్యాసార్ధంలో 0.06. చాలామంది ఇక్కడే ఆగి 0.06 జరుపుతారు. కానీ ఆ 0.06 తేడా వచ్చింది 120 మి.మీ. దూరంలో. సెంటర్ల మధ్య దూరం 150. అంటే జరపాల్సింది 0.06 × 150 ÷ 120 = 0.075 మి.మీ. మొదటి లెక్కతో జరిపితే వ్యాసంలో ఇంకా 0.024 తేడా మిగిలిపోతుంది, నెపం మళ్లీ మెషీను మీదికి పోతుంది.

డయల్ గేజ్‌ను (సన్నటి కదలికను ముల్లుతో చూపే పరికరాన్ని) మ్యాగ్నెటిక్ స్టాండుతో లేత్ బెడ్ మీద నిలిపి, దాని మొన టెయిల్‌స్టాక్ బారెల్‌కు (సెంటరును పట్టిన గొట్టానికి) మీవైపు నుంచి సెంటర్ ఎత్తులో ఆనేలా పెట్టి సున్నా చేయండి. క్లాంప్ వదులు చేయండి. టెయిల్‌స్టాక్ అడుగుభాగంలో ఇరువైపులా సెట్‌ఓవర్ స్క్రూలు (దాన్ని పక్కకు జరిపేవి) ఉంటాయి. ఒకటి వదులు చేస్తూ రెండోది బిగిస్తూ డయల్ మీద 0.075 తీసుకురండి. ఇప్పుడు క్లాంప్ బిగించి డయల్ మళ్లీ చూడండి. బిగించేటప్పుడు రెండు మూడు గీతలు జరగడం మామూలే. ఈ రెండోసారి చూడటం మానేసినవాళ్లే రోజంతా స్క్రూలతో కుస్తీ పడతారు. తర్వాత 0.2 మి.మీ. తేలిక కట్ వేసి, జాబు చల్లారాక కొలవండి.

రికార్డులో ‘మెషీన్ ఎర్రర్’ అని రాయకండి. ముందు కొలతలు, లెక్క, తర్వాత కొలతలు రాయండి. మంచి ఎగ్జామినర్ అడిగేదీ దాని మీదే.

ప్రశ్న: ఎం8 ట్యాప్‌లు (హోల్‌లో 8 మి.మీ. త్రెడ్ కోసే పనిముట్లు) వారంలో రెండు విరిగాయి. 6.5 డ్రిల్ వాడుతున్నాం. హోల్ అడుగు మూసుకున్న రకం. – పీణ్య పారిశ్రామికవాడ, బెంగళూరు

జవాబు: డ్రిల్ తప్పు. ఎం8కు పిచ్ (పక్కపక్క త్రెడ్‌ల మధ్య దూరం) 1.25 మి.మీ. 8 – 1.25 = 6.75, కాబట్టి 6.8 డ్రిల్ వేయాలి. 6.5 వేస్తే ట్యాప్ అవసరానికి మించి లోహం కోయాల్సి వస్తుంది. మూసుకున్న హోల్‌లో త్రెడ్ కంటే కనీసం ఐదారు మి.మీ. లోతుగా డ్రిల్ వేసుకోండి, లేదంటే పొట్టు అడుగున చేరి ట్యాప్‌ను పట్టేస్తుంది. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పండి, ఆయిల్ మరవకండి. విరిగిన ముక్కను హెచ్‌ఎస్‌ఎస్ (హైస్పీడ్ స్టీల్) డ్రిల్‌తో తీయాలని చూడకండి, ట్యాప్ కూడా అంతే గట్టిది. స్పార్క్ ఎరోజన్ (విద్యుత్ మెరుపులతో లోహాన్ని తొలిచే పని) చేసే షాపుకు ఇవ్వండి.

ప్రశ్న: మా అమ్మాయికి అమెరికాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో ‘మెకానికల్ ఇంజినీరింగ్ టెక్నాలజీ’ సీటు వచ్చింది. ఇది బీటెక్‌తో సమానమేనా? – ఒక తండ్రి, కె.ఆర్. పురం

జవాబు: కాదండీ. అది రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ, సుమారు 60 క్రెడిట్లు. మన పాలిటెక్నిక్ డిప్లొమాకు దగ్గర. చివరనున్న ‘టెక్నాలజీ’ అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. అక్కడ గుర్తింపు ఇచ్చే అబెట్ సంస్థలో ఇంజినీరింగ్‌కు ఒక కమిషన్, ఇంజినీరింగ్ టెక్నాలజీకి వేరే కమిషన్ ఉన్నాయి.

తర్వాత నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లోకి మారాలనుకుంటే చిక్కు ఫిజిక్స్ దగ్గర వస్తుంది. కాలిక్యులస్ లేని ఫిజిక్స్ చదివితే ఆ క్రెడిట్లు ఇంజినీరింగ్ డిగ్రీకి సాధారణంగా లెక్కలోకి రావు. చేరకముందే ఏ యూనివర్సిటీతో క్రెడిట్ బదిలీ ఒప్పందం ఉందో, ఏయే కోర్సులు చెల్లుతాయో కాగితం మీద అడిగి తీసుకోండి. నోటిమాట చాలదు. షాపులో పని నేర్చి ఉద్యోగం చేయాలన్నదే ఉద్దేశమైతే చదువు మంచిదే.

ఇంకో మాట. మన డ్రాయింగులు ఫస్ట్ యాంగిల్, అక్కడివి థర్డ్ యాంగిల్. కుడివైపు నుంచి చూసిన దృశ్యాన్ని మనం ఎడమన గీస్తాం, వాళ్లు కుడినే గీస్తారు. టైటిల్ బ్లాక్‌లో గుర్తు చూడకుండా చేస్తే ముక్క అద్దంలో బొమ్మలా తిరగబడి వస్తుంది. పీణ్యలో ఎగుమతి పనులు చేసేవారికి కూడా ఈ మాట వర్తిస్తుంది.

ప్రశ్న: డిప్లొమా తర్వాత బీఈ రెండో ఏడులో చేరడం ఎలా? – జాలహళ్లి

జవాబు: కర్ణాటకలో కేఈఏ (కర్ణాటక ఎగ్జామినేషన్స్ అథారిటీ) నిర్వహించే డీసెట్ ప్రవేశ పరీక్ష రాయాలి. ఆంధ్ర, తెలంగాణల్లో అయితే ఈసెట్. మీ స్కూలు నాటి నుంచి స్టడీ సర్టిఫికెట్లన్నీ ఇప్పుడే పోగుచేసుకోండి.

ప్రశ్న: ఫానుక్ కంపెనీ కంట్రోల్ ఉన్న సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే) లేత్‌లో 25.04 వచ్చింది, 25.00 కావాలి. వేర్ ఆఫ్‌సెట్‌లో (టూల్ అరుగుదలను సరిదిద్దే గడిలో) –0.04 కొట్టాను. తర్వాతి జాబు 25.10 వచ్చింది! – అప్రెంటిస్, పీణ్య

జవాబు: గుర్తు సరిగ్గానే వేశారు, తప్పు బటన్ నొక్కారు. ఆ గడిలో అప్పటికే –0.10 ఉండి ఉంటుంది. ‘ఇన్‌పుట్’ నొక్కితే పాత అంకె పోయి –0.04 నిలుస్తుంది, అందుకే 0.06 పెరిగింది. ‘+ఇన్‌పుట్’ నొక్కితే పాతదానికి కలిసి –0.14 అవుతుంది. పనిలో పనిగా ప్రోగ్రాములో చుక్కలు కూడా చూసుకోండి. ఎక్స్50 (వ్యాసం 50 అని చెప్పే ఆదేశం) తర్వాత చుక్క లేకపోతే, మెషీన్ సెట్టింగును బట్టి, అది 50 మి.మీ. కాకుండా 0.050 మి.మీ. కావచ్చు. అప్పుడు టూల్ నేరుగా జాబు మధ్యలోకి దూసుకుపోతుంది. కొత్త ప్రోగ్రామును సింగిల్ బ్లాక్‌లో (ఒక్కో లైను చొప్పున), ర్యాపిడ్ (కోయనప్పుడు టూల్ కదిలే వేగం) బాగా తగ్గించి, చేయి ఫీడ్ హోల్డ్ (టూల్‌ను ఆపే బటన్) మీదే ఉంచి నడపండి.