గ్రామీలో మనవాళ్ళని చూడాలంటే రాత్రి రెండింటికే లేవాలి

“వచ్చే వారం గ్రామీ అవార్డులు టీవీలో వస్తున్నాయి. మన దగ్గర ఎవరైనా నిజంగా ఎదురుచూస్తున్నారా? అంతసేపు కూర్చున్నా మనవాళ్ళు ఒక్కరూ కనబడరు కదా!” అని 2025 జనవరి చివర్లో ఒకరు నన్ను అడిగారు. గ్రామీ అంటే అమెరికాలో ఏటా సంగీతానికి ఇచ్చే పెద్ద అవార్డులు. అప్పుడు నేను రాసిన జవాబు ఇది.

నేను ఎదురుచూస్తున్నానండీ. 2024 నవంబరు 8న నామినేషన్లు ప్రకటించిన దగ్గర్నుంచీ మా ఇంట్లో రోజూ ఏదో ఒక పూట ఈ మాట వస్తూనే ఉంది. మనవాళ్ళు కనబడరన్న దాని గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. ఒకప్పుడు నాకూ ఇలాగే అయింది.

2010లో ఎ.ఆర్. రెహమాన్‌కి నామినేషన్లు వచ్చాయి. ఫిబ్రవరి 1, సోమవారం. ఆఫీసుకి ఒక పూట సెలవు పెట్టి పొద్దున్నే ఆరున్నరకి టీవీ ముందు కూర్చున్నాను. ఒళ్ళో ఉప్మా ప్లేటు చల్లారిపోయింది. పాట వెనక పాట, ప్రకటన వెనక ప్రకటన. రెహమాన్ ఊసే లేదు. ఇంతలో పక్కింటావిడ గుమ్మంలోంచే, “రెహమాన్‌కి రెండొచ్చాయటగా! వార్తల్లో కింద వేస్తున్నారు” అంది. నేను కళ్ళార్పకుండా చూస్తూనే ఉన్నానే, ఎప్పుడిచ్చారు? ఆ రోజు నిజంగా ఏడుపొచ్చింది.

తర్వాత అర్థమైంది. టీవీలో వచ్చేది సాయంత్రం జరిగే పెద్ద సభ. అందులో పాటల ప్రదర్శనలే ఎక్కువ, ఇచ్చే అవార్డులు కొద్దే. ఈసారి మొత్తం విభాగాలు 94. వాటిలో ఎనభైకి పైగా అవార్డులు అదే రోజు మధ్యాహ్నం ‘ప్రీమియర్ సెరిమనీ’ అని ఇంకో సభ పెట్టి ఇచ్చేస్తారు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే గ్లోబల్ మ్యూజిక్ (వివిధ దేశాల సంగీతం), న్యూ ఏజ్ (ధ్యానం, మంత్రాల తరహా సంగీతం) లాంటివన్నీ అక్కడే. అది గ్రామీ వాళ్ళ యూట్యూబ్ చానెల్లో ఉచితంగా వస్తుంది. లాస్ ఏంజెలెస్‌లో మధ్యాహ్నం పన్నెండున్నర అంటే మనకి రాత్రి రెండు. అంటే ఈసారి 2025 ఫిబ్రవరి 2 ఆదివారం రాత్రి, తెల్లవారితే సోమవారం. పెద్ద సభ మనకి సోమవారం పొద్దున ఆరున్నరకి. అందుకని అలారం రెండింటికి పెట్టుకోండి, ఆరున్నరకి కాదు.

కిందటేడు, 2024లో, మేం అలాగే చూశాం. మా అమ్మాయి మృదంగం నేర్చుకుంటోంది, మన సంగీతాన్ని జాజ్‌తో కలిపి వాయించే శక్తి బృందం అంటే ప్రాణం. నలభై అయిదేళ్ళు దాటాక వాళ్ళు స్టూడియోలో చేసిన ఆల్బమ్ ‘దిస్ మోమెంట్’ నామినేషన్లలో ఉంది. వంటింట్లో గట్టు మీద పప్పుల డబ్బాకి ఫోన్ ఆనించి, నాన్నగారు లేస్తారేమోనని ఒక ఇయర్‌ఫోన్ తన చెవిలో, ఇంకోటి నా చెవిలో పెట్టుకుని కూర్చున్నాం. విభాగం పేరు చదివేసరికి దాని వేళ్ళు డబ్బా మూత మీద తమకు తెలియకుండానే తాళం వేస్తున్నాయి. ‘శక్తి’ అనగానే కేక పెట్టేసింది. నాన్నగారు లేచొచ్చి, “ఏమ్మా, మనవాళ్ళకేనా?” అన్నారు. అప్పటికింకా తెల్లారలేదు. వేదిక మీద శంకర్ మహదేవన్, గణేశ్ రాజగోపాలన్, సెల్వగణేశ్. శంకర్ మహదేవన్ తన సంగీతంలో ప్రతి స్వరమూ అంకితమైన తన భార్యకే ఈ అవార్డు అన్నారు. నాన్నగారు మాత్రం సెల్వగణేశ్‌నే చూస్తూ, “ఘటం వినాయకరామ్ కొడుకు కదూ!” అన్నారు. నిజమే. 1992లో మొట్టమొదటి వరల్డ్ మ్యూజిక్ గ్రామీ ‘ప్లానెట్ డ్రమ్’ ఆల్బమ్‌కి వచ్చినప్పుడు అందులో ఘటం వాయించింది వినాయకరామ్ గారే, తబలా జాకిర్ హుస్సేన్. ముప్ఫై రెండేళ్ళ తర్వాత శక్తిలో అదే జాకిర్ పక్కన వినాయకరామ్ గారి కొడుకు. ఈ సంగతి టీవీ ప్రసారం చూసినవాళ్ళకి ఏం తెలుస్తుంది చెప్పండి? ఆ ఒక్క రాత్రి జాకిర్‌కి మూడు గ్రామీలు వచ్చాయి.

ఇక ఈసారి. జనవరిలో లాస్ ఏంజెలెస్ మంటలు చూసి అసలు జరుగుతుందా అనుకున్నాం. బాధితులకి విరాళాలు సేకరిస్తూనే జరపాలని నిర్ణయించారు. న్యూ ఏజ్, యాంబియెంట్, చాంట్ విభాగం చూడండి, అందులో నాలుగు ఆల్బమ్‌లు మన మూలాలున్నవాళ్ళవే: రికీ కేజ్, అనుష్కా శంకర్, రాధికా వెకారియా, చంద్రికా టాండన్. చెన్నైలో పుట్టిపెరిగిన చంద్రిక గారి ‘త్రివేణి’లో వేదమంత్రాలకి దక్షిణాఫ్రికా వేణువు, జపాన్ సెల్లో కలిశాయి. నెల రోజులుగా మా ఇంట్లో పొద్దున పాలు కాగేటప్పుడు అదే మోగుతోంది. ఆవిడకి రావాలని నాన్నగారి కోరిక.

నా మనసు మాత్రం అనుష్క వైపే. వాళ్ళ నాన్న, సితార్ విద్వాంసులు రవిశంకర్ గారు 1968లో గ్రామీ అందుకున్న తొలి భారతీయుడు. కూతురు ఎన్నిసార్లు నామినేషన్లలో నిలిచినా ఒక్కసారీ అవార్డు రాలేదు. 2013లో అయితే తండ్రీ కూతుళ్ళిద్దరూ ఒకే విభాగంలో. అప్పటికి ఆయన పోయి రెండు నెలలు. అవార్డు ఆయనకే వచ్చింది. ఆ అమ్మాయికి ఆ రోజు ఎలా ఉండి ఉంటుందో తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఈసారి ఆ పేరు పిలవాలని దణ్ణం పెట్టుకుంటున్నాను. గ్లోబల్ మ్యూజిక్ పెర్ఫార్మెన్స్‌లో కూడా ఇంగ్లండ్ సంగీతకారుడు జేకబ్ కాలియర్ పాటలో అనుష్క, మన గాయని వారిజశ్రీ వేణుగోపాల్ ఉన్నారు, అదీ వదలకండి. ఒక చిన్న సలహా: ముందే ఈ ఆల్బమ్‌లన్నీ ఒక్కసారి వినేయండి. విన్నవాళ్ళకే ఆ రాత్రి గుండె దడ తెలుస్తుంది.

ఇదంతా అయ్యాక పొద్దున్నే పెద్ద సభ కూడా చూస్తాం. ఏడాదిలో కన్నుమూసిన కళాకారులని తలుచుకునే ఘట్టం అందులో ఒకటుంటుంది. 2024 డిసెంబరు 15న జాకిర్ హుస్సేన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో కన్నుమూశారు. ఆ వార్త విన్న రోజు మా అమ్మాయి మృదంగం ముట్టుకోలేదు. ఆయన బొమ్మ తెర మీద వచ్చేదాకా లేచేది లేదని, బడికి ఆలస్యమైనా సరేనని ఇప్పుడే చెప్పేసింది. నాన్నగారు నిన్ననే తన పడక్కుర్చీ టీవీకి ఎదురుగా జరిపించుకున్నారు.