బీజం వెనక గడ్డ తగిలింది, నొప్పి లేదు, కాన్సరేనా?

తమ్ముడూ, స్నానం చేస్తుంటే కుడి బీజం వెనక బఠాణీ గింజంత గడ్డ తగిలింది, నొప్పి లేదు, ఇంట్లో ఎలా చెప్పాలో తెలీట్లేదు అన్నావు కదా, అచ్చం నా కథే. అమీర్‌పేట హాస్టల్లో ఉన్నప్పుడు మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు, రోజూ బాత్రూంలో నొక్కి నొక్కి చూసుకోవడమే పని, నొక్కీ నొక్కీ నొప్పి మొదలైతే ఇంకా భయం. ఆ భయంలో గోడ మీద పోస్టర్ చూసి ఒక గుప్తరోగాల డాక్టర్ దగ్గరికెళ్తే ఆయన కనీసం చెయ్యి పెట్టి కూడా చూడలేదు, చిన్నప్పటి అలవాట్ల వల్ల నరాలు వీక్ అయ్యాయని ఆరువేలకి లేహ్యం అంటగట్టాడు. తిన్నా కూడా, సిగ్గులేకుండా.

చివరికి యూరాలజిస్ట్ దగ్గరికెళ్తే పది నిమిషాల పని. వేళ్ళతో పట్టి చూసి, లైటు ఆర్పేసి గడ్డ వెనక చిన్న టార్చ్ పెట్టాడు, చీకట్లో ఎర్రగా వెలిగింది. లోపల నీరుంటే వెలుతురు దాటుతుంది, గట్టి గడ్డయితే దాటదు అన్నాడు. అయినా స్కాన్ రాశాడు, జెల్లు చల్లగా తగలడం తప్ప ఏం లేదు. రిపోర్టులో ఎపిడిడైమల్ సిస్ట్, 12 మి.మీ. బీజం వెనక వీర్యకణాలు నిలవుండే సన్న గొట్టం చుట్టలా ఉంటుంది, దాంట్లో నీటి బుడగ, అంతే. కాన్సర్ కాదు, పెద్దదై ఇబ్బంది పెడితే తప్ప కదిలించం అన్నాడు. కొంతమంది ఆ చుట్టనే గడ్డనుకుని పరిగెత్తుకొస్తారట.

ఎడమ పక్క వానపాములు పోగేసినట్టు మెత్తగా తగిలి, పడుకుంటే తగ్గితే వెరికోసీల్, అంటే అక్కడి రక్తనాళాలు ఉబ్బడం, నూటికి పదిహేను మంది మగాళ్ళకి ఉంటుంది. చుట్టూ నీరు చేరి ఉబ్బితే వరిబీజం, మా గోదావరి వైపు ఫైలేరియా దోమ పుణ్యమా అని చిన్నప్పుడు ఊళ్ళో చాలామందిని చూశాం. ఇక అంగం తల అంచున వరసగా చిన్న తెల్ల పొక్కులు అన్నావు, ఫోటోలు పెట్టకుండా మంచి పని చేశావు, నువ్వు చెప్పినట్టే ఉంటే అవి పుట్టుమచ్చల్లాంటివే, అంటుకునేవి కావు, గిల్లకు, టూత్‌పేస్ట్ రాయకు (నేను రాశా, రెండ్రోజులు సరిగ్గా నడవలేకపోయా).

కానీ గడ్డ బీజానికే అతుక్కుని రాయిలా ఉంటే నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు, ఆ కాన్సర్ ఎక్కువగా 15 నుంచి 35 ఏళ్ళ మధ్యే వస్తుంది, తొందరగా పట్టుకుంటే దాదాపు నయమైపోతుంది. నీది విడిగా కదులుతోంది అంటున్నావు, నాలాంటిదే కావచ్చు, అయినా ఈ వారంలోనే స్కాన్ తీయించుకో. ఎప్పుడైనా హఠాత్తుగా భరించలేని నొప్పి, వాంతులు వస్తే మాత్రం బీజం మెలిపడి ఉండొచ్చు, తెల్లారేదాకా ఆగకుండా క్యాజువాలిటీకి పో, ఆరు గంటలు దాటితే దక్కడం కష్టం.

ఇంట్లో ఎలా చెప్పాలంటావా, నేను నాన్నకి ఫోన్ చేసి గజ్జల్లో గడ్డ, స్కాన్ రాశారు అన్నా. కాసేపు మాట్లాడలేదు, తర్వాత మెల్లగా, నాకూ ఉందిరా, ఇరవై ఏళ్ళయింది అన్నాడు.